నాలుగో రంగు

ఈ గోడ నాకు బాగ ఎరుక.
నేనొచ్చిన కొత్తల ఇది ఇటలీ.
ఇటుకలు థర్మకోల్‌వి, పగుళ్లు నేనేసినవి.
నిన్న కట్టిన గోడకు
మూడు వందల యేండ్ల ముసలితనం తేవాలె,
అదీ నా కొలువు.
తడి స్పాంజి, కాఫీరంగు,
కిటికీ కింద వాన కారిన మరక.
దుబాయిల వాన మరక వేస్తే
దినానికి అరవై దిర్హాములు.

తర్వాత మెక్సికో అయింది.
ఎడారి నడుమ ఇంకో ఎడారి.
షిబు సారు ఫోన్ల బొమ్మ చూపించి గియ్యమన్నడు.
గీస్తుంటే మా చెలక గట్టు మీది
నాగజెముడే చేతికొచ్చింది.
ఎవలూ పోల్చుకోలేదు.
రెండేండ్లు దాని పక్కన నిలబడి
పిల్లలు ఫొటోలు దిగిన్రు.

అటెన్క బర్గర్లు.
ముసలితనం వద్దు, మెరుపు కావాలన్నరు.
ఆర్నెల్లకే మూత.

ఇప్పుడు జపాను వస్తదట.
క్యాంపు బస్సుల పొద్దుమాపు ఇదే ముచ్చట.
ఫలూదా బండి తీసేస్తరట,
కోట పక్క బిర్యానీ కౌంటరు సగం చేస్తరట,
సింద్‌బాద్ ఓడ కింద
ఏదో ఆకులు మాత్రమే తినే హోటలట.
పాప్‌కార్న్‌ను ఎవలూ ముట్టరట.
"రాజ్యాలు పోతయి గని పాప్‌కార్న్ పోదు"
అంటడు తిలక్ బహదూర్, కిటికీల తల పెట్టి నిద్రపోతూ.

గంగనర్సు ఏం మాట్లాడడు.
ఆర్మూరు మార్కెట్ల పసుపు బస్తాలు మోసిన చేతులు,
ఒక్క స్టవ్వు మీద మూడు దేశాలు వండినయి.
పిజ్జా పిండి ఎగరేసిండు.
టోర్టియా కాల్చిండు,
"మక్కరొట్టెనే గదరా, పేరు మార్చుకుంది" అన్నడు.
బర్గరు తిప్పిండు.
నూడుల్స్‌కు ఒసాకా నుంచి మనిషి దిగుతున్నడు.
గంగనర్సును ఇంక ఏ దేశానికి పంపుతరో.

గేటు కాడ టాబ్లెట్ పట్టుకొని ఒక పిల్ల
వచ్చేటోళ్లను అడుగుతుంటది:
ఇక్కడ ఏం దొరికితే బాగుండు మీకు?
నవ్వు మొహం, ఉత్త మొహం, ఏడుపు మొహం,
ఒకటి ఒత్తండి.
మేం నిచ్చెన మోసుకుంట పక్కనించే పోతం.
మమ్ములనూ ఒకమాట అడుగుతది:
"నిచ్చెన జర అటు జరుపుతరా?"

గోడకు అవుతలిదిక్కు మా హోటలు.
బోర్డు లేదు, మెనూ మారదు.
స్టీలు టిఫిన్ల మూడు గిన్నెలు:
అన్నం, పప్పు, మళ్ల అన్నం.
జూన్ నెలల పదకొండు గాకముందే పప్పు పులుస్తది.
చింతపండు వేసినమనుకొని తింటం.
గోడకు ఇవుతల
గిన్నెడు సూపు డెబ్బై రెండు.

నిన్న రాత్రి పార్కు మూసినంక గీకుడు మొదలువెట్టిన.
బర్గరు ఎరుపు పొట్టులెక్క రాలింది.
దాని కింద మెక్సికో పసుపు.
ఇంకా కింద, అట్లనే,
నా వాన మరక.
ఒక్క చినుకు ఎరుగని మరక.
గీకబుద్ధి కాలేదు. గీకిన.

స్టోరు ఖాళీ చేస్తుంటే మూలకు దొరికిందట,
గంగనర్సు సంచి పట్టుకొచ్చిండు.
డేటు దాటిన మెక్సికో మక్కపిండి.
గ్యాసు పొద్దుగాల కోస్తరు, ఇంకా ఆరు గంటలున్నది.
ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, ఇన్ని నువ్వులు,
గ్రిల్లు మీద చేత్తోనే ఒత్తిండు,
వేలితో నడుమ బొక్కలు పెట్టిండు.
పొగగొట్టం అప్పటికే విప్పేసిన్రు.
పొగంతా వచ్చి గోడకు ఆనింది.

వాసనకు షిబు సారు వచ్చిండు.
తిడుతడనుకున్నం.
"ఇదేం ఫుడ్డు?" అన్నడు.
"మెనూల లేదు సార్."
సగం తుంపుకొని నిలబడే తిన్నడు,
ఇంకో సగం కాగితంల చుట్టుకొని పోయిండు.

తెల్లారి జపాను మొదలైంది.
ఫైల్ల రాసి ఉంది: నాలుగు వందల యేండ్ల పాతది కావాలె.
వెదురు గీసిన, నాచు అద్దిన.
గంగనర్సును పాప్‌కార్న్ బండికి వేసిన్రు,
అటు దిక్కు టోపీ పెట్టుకొని నిలబడ్డడు.

పెద్ద సార్లు వచ్చి చూసిన్రు.
ఒకాయన మూలకు వంగి,
గ్రిల్లు పక్కన నల్లటి మరక మీద వేలు పెట్టి,
"ఇది బాగుంది, అచ్చం నిజమోలె ఉంది,
గోడంతా ఇట్లనే వెయ్యమనండి" అన్నడు.

బ్రష్షు పట్టుకొని నిలబడ్డ.
అదొక్కటే నేను వెయ్యలేదు.